పొయ్యి చందాతో లేచిన బడి

జపాన్‌లోని క్యోటో నగరం నడిబొడ్డున తత్సుయికే అని ఒక ప్రాథమిక పాఠశాల ఉండేది. పేటలో పిల్లలు తగ్గిపోయి 1995లో మూతపడింది. అలాంటి జాగా అమ్మకానికి పెడితే కొనేవాళ్లు క్యూ కట్టేవాళ్లే, అయినా అమ్మలేదు. 2006లో అదే భవనంలో అంతర్జాతీయ మాంగా మ్యూజియం తెరిచారు. మాంగా అంటే వాళ్ల బొమ్మల కథలు. నడిస్తే కిర్రుమనే చెక్క నేల అలాగే ఉంది, బడి చరిత్ర చెప్పడానికి ఒక గది ఉంచారు, ఒకప్పటి ఆటస్థలంలో ఇప్పుడు జనం పచ్చిక మీద పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు.

ఆ బడి మొదలైన తీరు తెలుసుకోవాలి. 1869లో రాజధాని టోక్యోకు తరలిపోయింది, ఇక మన ఊరు పాడుబడుతుందేమోనని క్యోటో వాళ్లకు ఒకటే టెన్షన్, ఆ టెన్షన్‌లోనే దేశమంతటికీ విద్యా చట్టం రావడానికి మూడేళ్ల ముందే, పేటకొకటి చొప్పున 64 బళ్లు తెరిచేశారు. ఖర్చుకు పొయ్యి లెక్కన చందా వేసుకున్నారు. ఇంట్లో పిల్లలున్నారా లేరా అని చూడలేదు, పొయ్యి వెలిగే ప్రతి ఇల్లూ ఇచ్చింది. పేట సమావేశాలు ఆ బళ్లలోనే, అగ్గి రేగితే కనిపెట్టే కాపలా కూడా అక్కడి నుంచే.

మన దగ్గరా చాలా బళ్లు ఎవరో రైతు రాసిచ్చిన జాగాలో, ఊరి చందాలతో లేచినవే. పిల్లలు లేరని పక్క బడిలో కలిపేసి తాళం వేస్తే, రెండు వానాకాలాలకు పెంకులు జారిపోతాయి, ఆ తర్వాత 'శిథిల భవనం' అని కూల్చడం తేలిక. మూసిన బడిని వేరే పనికి వాడుకోవచ్చు కదా అనే సాకుతో పిల్లలు ఉన్న బడిని మూస్తే మేం ఒప్పుకోం, అది వేరే పోరాటం. నిజంగా ఖాళీ అయిన బడి సంగతే ఇక్కడ చెబుతున్నాం.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇదే: తాళం వేసే ముందే గ్రామసభ పెట్టండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు రీడింగ్ రూమా, డ్వాక్రా మహిళల సమావేశాలకా, పగలంతా ఒంటరిగా ఉండే ముసలివాళ్లు కూర్చోవడానికా, ఊరే తేల్చుకుంటుంది. పాత హాజరు పట్టీలు, గ్రూప్ ఫొటోలు తూకానికి వేయకుండా ఒక బీరువాలో భద్రం చేయండి. ఈలోగా పైకప్పు మరమ్మతుకు పంచాయతీకి డబ్బులివ్వండి, ఈ వానలు మొదలవకముందే.