ఎప్పుడు అప్లై చేయకూడదో చెప్పేవాళ్లు కావాలి

అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లయితే పౌరసత్వానికి ఎన్-400 ఫారం పెట్టుకోవచ్చు. అమెరికా పౌరుల్ని పెళ్లి చేసుకుని వాళ్లతోనే ఉంటున్నవాళ్లకు మూడేళ్లు చాలు. ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద పంపితే 760. ‘దీనికి లాయర్ ఎందుకండీ, మనమే నింపుకోవచ్చు’ అని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పుకునే మాట చాలామంది విషయంలో నిజమే. హెచ్1బీ కాగితాలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాళ్లకు ఈ ఫారం ఓ ఆదివారం మధ్యాహ్నం పని.

అందుకే కాబోలు, పౌరసత్వ దరఖాస్తుకు ఉచిత సాయం అంటే ఇంగ్లీషు రానివాళ్లకు ఫారం నింపిపెట్టడమే అనుకుంటాం. నా లెక్కలో అది చిన్న పని. ‘మీరు ఇప్పుడు అప్లై చేయకండి’ అని చెప్పాల్సినవాళ్లకు ముందే చెప్పడం అంతకన్నా పెద్ద పని.

ఫారంలో ఏమడుగుతారో చూడండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా అంటే, కేసు కొట్టేసినా సరే, చెప్పాల్సిందే. తాగి బండి నడిపి దొరికినవాళ్లు ‘అది అప్పుడే అయిపోయింది కదా’ అనుకుని లేదని రాస్తే, పాత కేసు కన్నా ఈ అబద్ధమే ఎక్కువ చేటు చేస్తుంది. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అనీ అడుగుతారు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో అర్థంకాక ఓటరు నమోదు గడిలో టిక్కు పెట్టినవాళ్లకు ఇక్కడ ప్రమాదం ఉంది. పౌరుడు కాకుండానే పౌరుడినని చెప్పుకోవడం, అర్హత లేకుండా ఓటేయడం దేశం నుంచి పంపేయడానికి కూడా కారణాలు కావచ్చు. గ్రీన్‌కార్డుతో గుట్టుగా బతుకుతున్న మనిషి తన ఫైలు తానే తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టినట్టవుతుంది. తిరస్కరణ తర్వాత బహిష్కరణ నోటీసులు ఇవ్వడంలో 2025 నుంచి విధానం ఇంకా కఠినమైంది. ఇలాంటప్పుడు ముప్పావుగంట ఉచితంగా కూర్చుని పాత కాగితాలు చూసిపెట్టే మనిషి విలువ డాలర్లలో తేలేది కాదు.

మనవాళ్లలో ఈ అవసరం ఎక్కువ ఉన్నది పిల్లలకు కాదు, వాళ్ల తల్లిదండ్రులకు. కొడుకో కూతురో సిటిజన్ అయ్యాక స్పాన్సర్ చేస్తే అరవై దాటాక గ్రీన్‌కార్డు వస్తుంది. ఆ తర్వాత సగం ఏడాది డాలస్‌లో, సగం ఏడాది గుంటూరులో. అమెరికా బయట ఒకే ట్రిప్పు ఆరు నెలలు దాటితే, పౌరసత్వానికి కావాల్సిన నిరంతర నివాసం తెగిపోయిందని ముందుగానే అనుకుంటారు, కాదని మనమే నిరూపించుకోవాలి. ఏడాది దాటితే దాదాపు తెగిపోయినట్టే. రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) ఉందిగా అని చాలామంది ధైర్యం. అది గ్రీన్‌కార్డును కాపాడుతుంది తప్ప ఆ ఐదేళ్ల లెక్కను కాపాడదు. పైగా ఆ ఐదేళ్లలో కనీసం ముప్పై నెలలు స్వయంగా అమెరికాలోనే ఉండి తీరాలి.

ఇక పౌరసత్వ ఇంటర్వ్యూలో పెట్టే ఇంగ్లీషు పరీక్ష. పెద్దవాళ్లకు మినహాయింపు ఉందట, తెలుగులోనే పరీక్ష రాయొచ్చట అని ఒకరు చెబితే పదిమంది నమ్ముతారు. మినహాయింపు ఉంది: యాభై ఏళ్లు నిండి ఇరవై ఏళ్లుగా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, యాభై అయిదు నిండి పదిహేనేళ్లుగా ఉన్నవాళ్లకు. అరవై రెండేళ్లకు కార్డు తీసుకున్న అమ్మమ్మకు ఇందులో ఏదీ అందదు, డెబ్బై ఏడు దాకా ఆగితే తప్ప. ఈలోగా అప్లై చేస్తే ఇంగ్లీషులో ఓ వాక్యం చదవాలి, ఓ వాక్యం రాయాలి, అధికారి ప్రశ్నలకు ఇంగ్లీషులోనే జవాబులివ్వాలి. 2025 అక్టోబర్ 20 నుంచి పెట్టిన దరఖాస్తులకు పౌరశాస్త్రం (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) పరీక్ష కూడా పెరిగింది. ఇదివరకు వంద ప్రశ్నల్లోంచి పది అడిగి ఆరు చెబితే పాస్. ఇప్పుడు 128 ప్రశ్నల్లోంచి ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. మనవరాలు యూట్యూబ్ పెట్టి నేర్పిస్తే సరిపోయేవాళ్లు కొందరుంటారు. మిగతావాళ్లకు క్లాసు కావాలి.

ఆ క్లాసులు, న్యాయసలహా కలిపి ఇచ్చే సంస్థలకు ఫెడరల్ ప్రభుత్వం 2009 నుంచి గ్రాంట్లు ఇచ్చింది. 2025లో వాటిని ఆపేశారు. పౌరులవ్వాలంటే ఇంగ్లీషు, చరిత్ర బాగా రావాలని పరీక్ష పెంచిన ప్రభుత్వమే వాటిని నేర్పే చోట్లకు డబ్బు ఆపడంలో తర్కం నాకైతే దొరకలేదు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1997 నుంచి నడుపుతున్న ‘సిటిజన్‌షిప్ నౌ’ లాంటి ఉచిత కేంద్రాలు అన్ని ఊళ్లలో ఉండవు. చాలాచోట్ల చర్చి అనుబంధ సేవాసంస్థలు, లైబ్రరీలే దిక్కు.

ఫీజు సంగతీ అంతే. ఆదాయం తక్కువైతే 380 డాలర్లు కడితే చాలు, ఇంకా తక్కువైతే పూర్తి మాఫీ. కానీ ఈ రాయితీ అడిగేవాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టడానికి లేదు, కాగితం దస్త్రమే పంపాలి. తక్కువ ఆదాయం, తక్కువ ఇంగ్లీషు ఉన్నవాళ్లకే ఎక్కువ కాగితాలన్నమాట. పెట్రోలు బంకులో, స్టోర్లో గంటల లెక్కన పనిచేసే తెలుగువాళ్లు మనకు ఎన్‌ఆర్‌ఐ అనగానే గుర్తురారు గానీ, ఉన్నారు.

ఈ ఖాళీలోకే ‘తెలిసినాయన’ వస్తాడు. ట్యాక్సులు చేస్తాడు, టికెట్లు బుక్ చేస్తాడు, ఆ చేత్తోనే ఎన్-400 కూడా నింపుతాడు. మనం చెప్పింది రాసిపెట్టడం వరకు తప్పులేదు. ఏ ప్రశ్నకు ఏం రాయాలో సలహా ఇచ్చే అధికారం లాయర్లకు, అమెరికా న్యాయశాఖ అక్రిడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న ప్రతినిధులకు మాత్రమే ఉంది. తప్పు జరిగితే సంతకం మనది, ఇంటర్వ్యూకు వెళ్లేదీ మనమే.

మన సంఘాల మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ అంటే ఎక్కువగా హెచ్1బీ, గ్రీన్‌కార్డు క్యూ గురించే. వాటి పక్కనే ఓ గది ఇచ్చి, పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ట్రిప్పుల తేదీలు లెక్కగట్టి చెప్పేవాళ్లను కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ కూర్చునేవాళ్లు తెలుగువాళ్లే అయితే మరీ మంచిది. అక్రిడిటెడ్ ప్రతినిధి కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు. న్యాయశాఖ గుర్తింపు పొందిన, లాభాపేక్ష లేని ఓ సంస్థలో చేరి, ఇమ్మిగ్రేషన్ చట్టంలో శిక్షణ తీసుకుంటే ఆ సంస్థే వాళ్ల తరఫున దరఖాస్తు పెడుతుంది.