గుండ్ల కొరత యుద్ధం రోజున తీరదు

1999 కార్గిల్ యుద్ధంలో మన సైన్యం దాదాపు రెండున్నర లక్షల గుండ్లు, బాంబులు, రాకెట్లు ప్రయోగించింది. ఉన్నవాటితోనే పోరాడతామని అప్పటి సైన్యాధిపతి వీపీ మాలిక్ చెప్పాల్సి వచ్చింది. ఆ మాటతోనైనా పాలకులు మేల్కొనాల్సింది. 40 రోజుల యుద్ధానికి సరిపడా నిల్వ ఉండాలన్నది నియమం కాగా, 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజులకు కూడా చాలవని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ తేల్చింది. ఆ తర్వాత అత్యవసర కొనుగోళ్లు జరిగాయి. హడావుడిగా కొనడం వేరు, ఏటా తయారు చేసుకోవడం వేరు.

155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు ఒక్కోటి నలభై కిలోలకు పైనే తూగుతుంది. ఉక్కును కాల్చి సాగదీసి తొడుగు చేయాలి. కరిగించిన పేలుడు పదార్థాన్ని అందులో పోసి నెమ్మదిగా చల్లార్చాలి. లోపల చిన్న ఖాళీ మిగిలినా ఫిరంగి గొట్టంలోనే పేలే ముప్పుంది. గుండును పేల్చే ఫ్యూజు ఒకచోట తయారవుతుంది, గుండును ముందుకు నెట్టే మందు మరోచోట. ఆ మందుకు మూలమైన నైట్రోసెల్యులోజ్‌ను పత్తి గింజకు అంటిపెట్టుకుని ఉండే పొట్టి నూగుతో చేస్తారు. పత్తి పండించే మన రాష్ట్రాలకు ఆ నూగు కొత్తేమీ కాదు. వీటిలో ఏ ఒక్కటి అందకపోయినా గుండు పూర్తి కాదు. గుండును నెట్టే ఈ మందు కోసమే 1999లో బిహార్‌లోని నలందలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. లంచాల ఆరోపణలతో విదేశీ భాగస్వామిని పక్కన పెట్టాక ఆ పని ఏళ్ల తరబడి సాగింది.

ఉక్రెయిన్‌కు ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామన్న ఐరోపా సమాఖ్య, 2024 మార్చి గడువుకు ఇవ్వగలిగింది సగానికి కాస్త ఎక్కువ. డబ్బున్న దేశాలకే ఇలా అయింది. ఆర్డర్లు లేక మూతపడ్డ ఉత్పత్తి లైన్లు, ఇళ్లకు వెళ్లిపోయిన నిపుణులు చెక్కు రాయగానే తిరిగి రారు.

2021లో సైన్యానికి మందుగుండు తయారు చేసే ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. కంపెనీ అన్నాక ఆర్డర్లుంటేనే బతుకు. అందుకే ఏడాదికోసారి కాకుండా కనీసం పదేళ్లకు కొనుగోలు హామీ ఇవ్వాలని మేం కోరుతున్నాం. మందుగుండుకూ గడువు తీరుతుంది కాబట్టి, పాతవి శిక్షణలో వాడుతూ కొత్తవి నింపుకుంటే ఆ సరుకు వృథా కాదు.

ఇంకో మాట. 2025 జనవరిలో మహారాష్ట్రలోని భండారా ఆయుధ కర్మాగారంలో పేలుడు జరిగి, కూలిన పైకప్పు కింద కనీసం ఎనిమిది మంది కార్మికులు చనిపోయారు. ఉత్పత్తి పెంచమని ఒత్తిడి చేసే ప్రభుత్వం, పాత షెడ్ల మరమ్మతుకు, భద్రతా తనిఖీలకు అయ్యే ఖర్చును కూడా ఆ ఆర్డర్ల ధరలోనే కలిపి చెల్లించాలి.