సవరణ: వైప్‌తో తుడిచాక వెంటనే ఆరబెట్టకండి

డిసిన్ఫెక్టెంట్ వైప్‌తో (క్రిముల్ని చంపే మందులో తడిపిన, వాడి పారేసే గుడ్డ) డైనింగ్ టేబుల్, తలుపు గడియలు తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టేయమని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవమని ఒకరు చెబితే అప్పుడు చూశాను.

మందు పనిచేయాలంటే తుడిచిన చోటు కొంతసేపు తడిగానే ఉండాలి. ఎంతసేపన్నది లేబుల్ మీదే ఉంటుంది. కొన్నింటికి 30 సెకన్లు, కొన్నింటికి 4 నిమిషాలు, మరికొన్నింటికి ఏకంగా 10. ఫ్యాన్ గాలికి ముందే ఆరిపోతే (మన ఇళ్లలో ఆరిపోతుంది కూడా) ఇంకో వైప్‌తో మళ్లీ తడపాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సూచనలు కూడా ఇదే చెబుతున్నాయి. జిడ్డు, మట్టి ఉంటే ముందు సబ్బునీళ్లతో శుభ్రం చేయాలి. అన్నం తినే టేబుల్ అయితే ఆ సమయం అయ్యాక మంచినీళ్లతో తుడవాలి.

ఒక వైప్‌తో ఇల్లంతా తుడవొచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. నేను అలా అనలేదు. తడి తగ్గిన వైప్ క్రిముల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తుంది, అంతే. పిల్లల మూతి తుడిచే బేబీ వైప్స్ అసలు ఈ లెక్కలోకే రావు.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.