రన్ మీద యాంటీ డంపింగ్ కేసు

చైనా తన ఉక్కును, సోలార్ ప్యానెళ్లను మా మార్కెట్లో కారుచౌకగా గుమ్మరిస్తోందని అమెరికా, యూరప్ దేశాలు గోల పెట్టడం ఎప్పటినుంచో పేపర్లలో చూస్తున్నదే. అదే న్యాయం ప్రకారం చైనా తరఫున వేయాల్సిన కేసు ఒకటి ఉంది. ఇన్నేళ్లుగా దాన్ని ఎవరూ వేయకపోవడం నాకు అంతుబట్టడం లేదు. ఒక్క మాట కొంటే 645 అర్థాలు ఉచితమంటూ, ఆ సరుకంతా తెచ్చి చైనా పిల్లల నెత్తిన దింపుతున్న ఇంగ్లిష్ భాష మీద వేయాల్సిన కేసు అది. మొదటి ముద్దాయి పేరు రన్.

645 అనేది కోపం కొద్దీ నేను పెంచి చెప్పిన అంకె కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొత్త ఎడిషన్ కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలపాటు ఈ మాటతోనే కుస్తీ పట్టి, ఒక్క క్రియారూపానికే ఇన్ని అర్థాలని లెక్క తేల్చారు. 2011లో ఈ సంగతి పత్రికలకెక్కింది. 1989 ఎడిషన్ నాటికి ఈ కిరీటం సెట్ అనే మాటది. దానికి 430 అర్థాలు. అంటే ఈ రెండు మాటల మధ్య వెయ్యికి పైగా అర్థాలు దాక్కుని ఉన్నాయి. అయినా రెండూ పిల్లల పుస్తకాల్లో ఏ పాపం ఎరగనట్టు కూర్చుంటాయి.

చైనా పిల్లాడికి రన్ పరిచయమయ్యే తీరు చూడండి. బొమ్మలో ఓ కుర్రాడు పరుగెత్తుతుంటాడు. రన్ అంటే 'పావ్' అని టీచరు చెబుతుంది. పావ్ అంటే పరుగు. క్లాసంతా ముక్తకంఠంతో అంటుంది. ఒక మాట, ఒక అర్థం, ఒక బొమ్మ. ఆ వయసులో ప్రపంచం ఎంత న్యాయంగా ఉంటుందో కదా.

తర్వాత మొదలవుతుంది అసలు కథ. నది రన్ అవుతుంది, సరేలే అనుకుంటాడు. ముక్కు రన్ అవుతుంది. కాళ్లు లేని ముక్కు ఎక్కడికి పోతుందో అర్థం కాదు; చైనీస్‌లో ముక్కునీరు కారుతుంది అంతే, పరుగులు పెట్టదు. జ్వరం వచ్చినవాడు మంచం మీద కదలకుండా పడుకుని ఉష్ణోగ్రతను రన్ చేస్తున్నాడట. ఫ్రిజ్‌లో పాలు అయిపోతే మనమే పాలలోంచి బయటికి పరుగెత్తామట. దారిలో స్నేహితుడు కనబడితే అతనిలోకి పరుగెత్తడం, బండి కింద ఎవరైనా పడితే వాళ్ల మీదుగా పరుగెత్తడం. ఒక చిన్న అవ్యయం మారితే పలకరింపు కాస్తా పోలీసు కేసు అవుతుంది. అధ్యక్ష పదవికి పోటీ చేసేవాడూ రన్నే, కంపెనీ నడిపేవాడూ రన్నే, చిరిగిన మేజోడు మీద సాగిన గీత కూడా రన్నే. ఇంత బాధ్యతారహితమైన మాటకు ఏ ప్రభుత్వమైనా లైసెన్సు ఎలా ఇచ్చిందో తెలియదు.

రెడ్ లైటు దగ్గర ఆగకుండా దూసుకుపోవడం అనే ఒక్క నేరాన్ని తీసుకుందాం. ఇంగ్లిష్‌వాడు దానికీ రన్ అనేసి చేతులు దులుపుకుంటాడు. చైనీస్‌వాడికి దీని కోసం విడిగా మాట ఉంది: 'ఛ్వాంగ్'. ఆ అక్షరం రాసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ముందు గుమ్మం గీసి, దాని లోపల గుర్రాన్ని పెడతారు. గుమ్మంలోంచి గుర్రం దూకుతున్నట్టు. ట్రాఫిక్ పోలీసు చలానా మీద అది చదువుకున్నవాడికి కనీసం తను చేసిన తప్పు కళ్లకు కడుతుంది. ఇంత పద్ధతిగా ఏ నేరానికి ఆ అక్షరం కట్టుకున్న జాతిని పట్టుకుని, అన్నిటికీ పరుగే అని బట్టీ పట్టమనడం దౌర్జన్యం కాక ఏమిటి?

బట్టీ పట్టక తప్పదు, ఎందుకంటే జూన్ 8 మధ్యాహ్నం ఉంది. చైనాలో కాలేజీ సీటు తేల్చే గావ్‌కావ్ పరీక్షలో ఇంగ్లిష్ పేపరు సాధారణంగా ఆ పూట వస్తుంది. చాలాచోట్ల మొత్తం 750 మార్కుల్లో దానివి 150. పరీక్ష జరిగే రోజుల్లో కేంద్రాల చుట్టుపక్కల హారన్ కొట్టకూడదు, భవన నిర్మాణం పనులు ఆపేయాలి. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి ఉండగా లోపల ఓ పిల్ల పేపర్లో ఓ పేరా చదువుతుంది, గీత గీసిన ఓ మాటకు ఇక్కడ ఏ అర్థమో నాలుగింటిలో ఎంచుకోవాలి. మిగతా 641 అర్థాలు ఆ గదిలో లేవన్నదొక్కటే ఊరట.

దీనికి తయారయ్యేందుకు అక్షరక్రమంలో ఉండే పదాల పుస్తకాలు అమ్ముతారు. వాటిలో మొదటి పేజీలోనే ఎదురయ్యే మాట 'అబాండన్', అంటే వదిలెయ్యి అని. ఏటా కొత్త ఉత్సాహంతో పుస్తకం తెరవడం, ఆ మొదటి మాట ఇచ్చిన సలహాను తు.చ. తప్పకుండా పాటించి మూసెయ్యడం. ఇది అక్కడి విద్యార్థుల్లో తెలియనివాళ్లుండని జోకు. అలాంటప్పుడు ఆర్ అక్షరం దాకా చేరి రన్‌ను పలకరించేవాళ్లు ఎందరుంటారు చెప్పండి? ఆ చేరినవాళ్ల ఓపికకు విడిగా మార్కులు వేయాలి.

ఈ బాధ మీద పెద్ద వ్యాపారమే నడిచింది. 1993లో బీజింగ్‌లో పెట్టిన న్యూ ఓరియంటల్ కోచింగ్ సంస్థ దాంట్లో పెద్ద పేరు. స్థాపకుడు యు మిన్‌హాంగ్ స్వయానా గావ్‌కావ్ మూడుసార్లు రాసి సీటు తెచ్చుకున్న మనిషి. 2021 జులైలో ప్రభుత్వం స్కూలు పిల్లల ట్యూషన్లలో లాభాపేక్ష కుదరదని ఒక్క దెబ్బతో కొట్టేసింది. టీచర్లు వేలమంది రోడ్డున పడ్డారు. మిగిలిన కొందరు ఆన్‌లైన్ లైవ్ పెట్టి స్టేక్ మాంసం, బియ్యం అమ్మడం మొదలుపెట్టారు. పక్కన తెల్లబోర్డు పెట్టుకుని, అమ్మే వస్తువు మీద ఇంగ్లిష్ మాటలు రాసి చెబుతూ మరీ అమ్మారు. 2022 జూన్‌లో దేశం దేశమంతా ఆ లైవ్‌లకు ఎగబడింది. ఇంగ్లిష్ పాఠాన్ని జనం ఇష్టపడి విన్నది అప్పుడే అని నా అనుమానం. పాఠంతోపాటు కనీసం మాంసం ఇంటికొస్తుంది.

ఇంతవరకూ నేను బాధితుల పక్షాన వాదించాను. నిజాయితీగా చెప్పాలంటే బాధితులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 645 అర్థాలు మోసి మోసి, 646వది తామే తయారుచేసి తిరిగి పంపించారు.

చైనీస్‌లో తడపడం, తేమ అనే అర్థమున్న అక్షరం ఒకటుంది. ఎడమ పక్కన మూడు నీటి చుక్కలతో ఎంతో చల్లగా ఉంటుంది. లాభం అనే మాటలోనూ అదే వస్తుంది. చైర్మన్ మావోకు పెద్దయ్యాక పెట్టిన గౌరవనామం 'రున్‌జి'లో మొదటి సగం కూడా అదే. దాన్ని రోమన్ లిపిలో, అంటే పిన్‌యిన్‌లో రాస్తే ఆర్, యు, ఎన్. ఉచ్చారణ వేరు, స్పెల్లింగ్ మాత్రం అచ్చం రన్. ఫోన్‌లో ఆ మూడక్షరాలు కొడితే ఈ తడి అక్షరం పైకి వస్తుంది. ఇంకేం, కుర్రకారు ఆ అక్షరానికి 'దేశం వదిలి చెక్కేయడం' అనే అర్థం కట్టబెట్టారు. 2022 వసంతంలో షాంఘై నగరాన్ని రెండు నెలలపాటు లాక్‌డౌన్‌లో పెట్టినప్పుడు ఎక్కడ చూసినా ఈ మాటే అయింది. దానికి శాస్త్రమనే హోదా కూడా ఇచ్చారు: 'రున్‌శ్వే', అంటే పరారీ శాస్త్రం. ఏ దేశం, ఏ వీసా, ఎంత ఖర్చు అన్నవి అందులో పాఠ్యాంశాలు. సిలబస్ లేకుండా, మార్కులు లేకుండా, కోచింగ్ లేకుండా చైనా యువత ఇష్టంగా నేర్చుకున్న ఇంగ్లిష్ క్రియ ఇదొక్కటే కావచ్చు. ఆ ఏడాది మే నెలలోనే అత్యవసరం కాని విదేశీ ప్రయాణాలను గట్టిగా అదుపు చేస్తామని అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు ప్రకటించారు. పిల్లలు ఒక అర్థాన్ని ఇంత బాగా నేర్చుకుంటే ఏ ప్రభుత్వానికైనా కంగారు సహజం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 1958లో ఆమోదం పొందిన ఈ పిన్‌యిన్‌కు పితామహుడని జౌ యోగ్వాంగ్ అనే ఆయనను అంటారు. బ్యాంకు పని మీద న్యూయార్క్‌లో ఉండి, 1949లో దేశానికి తిరిగొచ్చినవాడు. 2017లో కన్నుమూసేనాటికి 111 ఏళ్లు. అలా తిరిగొచ్చిన మనిషి చలవతో కుదిరిన స్పెల్లింగుతో ఇప్పుడు మిగతావాళ్లు వెళ్లిపోవడం గురించి రాసుకుంటున్నారు.

మనం నవ్వే అర్హత ఉన్నవాళ్లం కాదనుకోండి. అప్పు ఎగ్గొట్టినా, పార్టీ ఫిరాయించినా 'జంప్' అనేసి ఇంగ్లిష్ క్రియను మనమూ పనిలో పెట్టుకున్నాం. దేశం దాటే విషయంలో మాత్రం మనకు చాటుమాటు లేదు. హైదరాబాద్ పక్కన చిలుకూరులో బాలాజీ ఉన్నాడు. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, వీసా వచ్చాక 108 చేసి చెల్లించడం. అంతా బాహాటమే. నీటి చుక్కల వెనకాల దాచుకోవాల్సిన ఖర్మ మనకు లేదు.

ఇక చైనా తరఫు కేసు నిలవాలంటే, చైనా తన గుమ్మం ముందు శుభ్రం చేసుకోవాలి. అవతలి లాయరు లేచి 'దా' సంగతేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. దా అంటే కొట్టు అని అర్థం. చైనీస్ నిఘంటువులో దానికి 20కి పైగా అర్థాలున్నాయి. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఎంబీబీఎస్ కోసం చైనా వెళ్లిన తెలుగు పిల్లలు పాఠాలు ఇంగ్లిష్‌లో విన్నా, వార్డులో రోగులతో చైనీస్ మాట్లాడాల్సిందే. ఓ ముసలాయన చొక్కా చెయ్యి పైకి మడుస్తూ బిక్కమొహంతో 'దా జెన్?' అంటాడు. గుంటూరు పిల్లకు గుండె ఝల్లుమంటుంది. ఈ పెద్దాయన్ను ఎవరు కొట్టారో, కేసు పెట్టాలేమో! తీరా చూస్తే జెన్ అంటే సూది. సూది కొడతారా అని అడుగుతున్నాడు పాపం.

నిజానికి తెలుగు పిల్ల అంత కంగారు పడాల్సిన పని లేదు. చైనావాడు ఫోన్ కొడతాడు, మనమూ కొడతాం. వాడు టైపు కొడతాడు, సైకిల్ టైరుకు గాలి కొడతాడు, మనమూ అంతే. వాడు నీళ్లు కొడితే మనం బోరింగు దగ్గర కొడతాం. గొడుగు దగ్గరే దారులు వేరవుతాయి. అక్కడ గొడుగు కొట్టాలి, స్వెటర్ అల్లడమంటే కొట్టడమే, సీసా పట్టుకెళ్లి సోయా సాస్ కొనుక్కోవడం కూడా కొట్టడమే. మనం మాత్రం ఎండ కొడుతుంటే నీడలో నిలబడి, కంపు కొడుతుంటే ముక్కు మూసుకుని, పరీక్షలో కాపీ కొట్టి, పాసయ్యాక ఈల కొట్టి, ఆ మూల కొట్టులో సోడా కొట్టించుకుంటాం. ఇంగ్లిష్‌ను నిలదీయడానికి వెళ్లేముందు రెండు దేశాలవాళ్లం కూర్చుని మాట్లాడుకోవాలి.

పరుగు విషయంలోనూ చైనీస్ మరీ పతివ్రతేం కాదు. ఇవాళ నడక అని చెప్పే 'జౌ' ప్రాచీన చైనీస్‌లో పరుగే. దక్షిణ చైనాలో మాట్లాడే కాంటనీస్‌లో ఇప్పటికీ దానికి పరుగెత్తడం, పారిపోవడం అనే అర్థాలున్నాయి. వేలయేళ్లు పరుగెత్తి అలసిపోయి నడకలో పడిందన్నమాట. ఇది అవతలివాళ్లకు చెప్పకండి.

ఇన్ని లోపాలున్నా కేసు వేయాల్సిందేనని నా అభిప్రాయం. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది కాబట్టి హక్కు ఉంది. డిమాండ్లు కూడా రాసి పెట్టాను. రన్ దిగుమతిని మనిషికి పది అర్థాలకు పరిమితం చేయాలి. ముక్కుకు సంబంధించిన అర్థాన్ని తక్షణం వాపసు తీసుకోవాలి. 646వ అర్థానికి ఆక్స్‌ఫర్డ్ వారు రాయల్టీ చెల్లించి నిఘంటువులో చేర్చుకోవాలి. ఇబ్బందల్లా ఒకటే. కింది ప్యానెల్లో గెలిచినా ఓడినవాళ్లు అప్పీలుకు వెళ్తారు. కొత్త సభ్యుల నియామకానికి అమెరికా అడ్డుపడటంతో అక్కడి అప్పీళ్ల బెంచీ 2019 డిసెంబరు నుంచి కోరం లేక మూతపడింది. ఫైళ్లు వెళ్తాయి, తీర్పు రాదు. ఆ సంస్థ ఉండే జెనీవాకు వెళ్లి ఆ బెంచీ ఎప్పుడు రన్ అవుతుందని అడిగితే, ఇందులో ఏ అర్థంలో అడుగుతున్నారో ముందు రాసివ్వమంటారేమో.