అది టవర్ కాదండీ, తీగ చుట్టిన కర్ర!

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టెర్రస్ మీదికెళ్తే నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టిన లూప్ యాంటెన్నా లేదు. రేడియో బాగా వినిపించడానికి కర్రల చట్రానికి తీగ చుట్టి నేను కట్టుకున్నది. కింద చెత్తడబ్బాల దగ్గర దొరికింది. కర్రలు విరిగాయి, రాగి తీగ చిక్కుపడింది. గ్యాంగ్ కండెన్సర్, అంటే పాత రేడియోల్లో స్టేషన్ మార్చే భాగం, దాని రేకులు వంగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎవరో అపార్ట్‌మెంట్ గ్రూపులో "టవర్ పెట్టారు, రేడియేషన్ వస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు" అన్నారట. అంతే, తీసి పారేశారు. నన్నొక మాట అడగొచ్చు కదా!

దానికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు. రెండడుగుల చట్రానికి 14 చుట్లు తీగ, స్టేషన్‌కు ట్యూన్ చేయడానికి ఒక కండెన్సర్. రేడియోకు వైరు కూడా కలపక్కర్లేదు, పక్కన పెడితే రేడియో లోపల యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ ఆ సిగ్నల్ అందుకుంటుంది. అది వినే వస్తువు. ప్రసారం చేసేవి మీ జేబులో ఫోను, హాల్లో వైఫై డబ్బా.

అసలు ఫిర్యాదు చేయాల్సింది నేను. ఇంట్లో రేడియో పెడితే మీడియం వేవ్ అంతా బర్రుమనే మోతే. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు. అందుకే బెంగళూరులో లూప్ కట్టుకున్నా. చట్రం అంచు స్టేషన్ వైపు తిప్పితే గట్టిగా వినిపిస్తుంది. మోత వచ్చే దిక్కుకు చట్రం ముఖం తిప్పితే ఆ మోత అణిగిపోతుంది. రాత్రి లిఫ్టు గది మోతను అలా పక్కకు తోసి, కొంచెం కొంచెంగా తిప్పుతుంటే 900 కిలోహెర్ట్జ్ మీద కడప ఆకాశవాణి పలికేది. మా ఊరి యాస చెవిన పడితే ఆ రోజు అలసటంతా పోయేది.

యాప్‌లో వినొచ్చు కదా అంటారు. మా బావా ఇదే మాటన్నాడు, నాన్న ఊళ్ళో లేనప్పుడు ఆయన వాల్వు రేడియోను బావ స్టీలు బిందెకు ఇచ్చేసిన రోజు. "టీవీ ఉందిగా, ఇదెందుకు" అని. రోజూ రాత్రి ఆ రేడియో పచ్చ దీపం పక్కనే కూర్చుని సిలోన్ తెలుగు పాటలు వినేవాడు నాన్న. ఊరి నుంచి వచ్చాక ఖాళీ బల్ల చూశాడు, ఏమీ అనలేదు. ఆ బిందె ఇప్పటికీ అక్క ఇంట్లో ఉంది. దాంట్లో నీళ్ళు నేను తాగను.

తీగ పనికొస్తుంది, కర్రలు దొరుకుతాయి. కండెన్సరే కావాలి. ఆదివారం ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకు పోతున్నా. పాత రేడియో గ్యాంగ్ కండెన్సర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.