ఓసీఐ కార్డు చూపిస్తే పద్మనాభంలో పొలం రాదు

ఆగస్టు వచ్చిందంటే చాలు, అదే మెసేజ్ మళ్లీ ఊరేగుతోంది. "ప్రవాస భారతీయులకు పంద్రాగస్టు కానుక, ప్రతి తెలుగువాడూ షేర్ చేయాలి" అని మొదలవుతుంది. కింద ఏడెనిమిది అంశాలు: మన జాతీయగీతానికి యునెస్కో ప్రపంచంలోనే మొదటి ర్యాంకు ఇచ్చిందట. మూడు రంగుల కేకు కోసినా, చీకటిపడ్డాక జెండా ఉంచినా మూడేళ్ల జైలట. 1990ల దాకా విదేశాల్లో తెలుగువాడే లేడట, దేశంలో పరిశ్రమే లేదట. 1991లో దేశాన్ని ఎన్నారైల డాలర్లే కాపాడాయట. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డంటే రెండో పౌరసత్వమేనట, ఓటు కూడా ఉందట. తలా కిలో బంగారం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చట. చివరిది అన్నిటికన్నా ప్రమాదం: ఓసీఐ కార్డున్న వాళ్లు, ఎన్నారైలు ఇప్పుడు "పుట్టిన గడ్డమీద ఎక్కడైనా పొలం, తోట, ఫామ్ హౌస్" కొనుక్కోవచ్చట.

పంపేవాళ్లంతా మంచివాళ్లే. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఉంటూ డల్లాస్‌లో కొడుకునీ, మెల్‌బోర్న్‌లో కూతుర్నీ పెట్టుకున్న తల్లిదండ్రులు. పండగ శుభాకాంక్షలు అనుకుని పంపుతున్నారు. అందుకే సమాధానం చెప్పక తప్పదు.

యునెస్కో సంగతి ఒక్క ముక్కలో: యునెస్కో జాతీయగీతాలకు ర్యాంకులు ఇవ్వదు. మన గీతం గొప్పదనానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. కేకు సంగతి: త్రివర్ణ కేకు కోయడం జాతీయ గౌరవ చట్టం కింద నేరం కాదని 2021 మార్చిలో మద్రాస్ హైకోర్టు చెప్పేసింది.

జెండా దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మెసేజ్ పాత నిబంధనలతో భయపెడుతూ, నిజంగా చూసుకోవాల్సినవి వదిలేసింది. పాలిస్టర్ జెండాకు, మిషన్ మీద కుట్టిన జెండాకు 2021 డిసెంబరు సవరణతో అనుమతి వచ్చింది. రాత్రీ పగలూ ఎగరేయడానికి 2022 జులై సవరణతో వచ్చింది. విదేశాల్లో హాలు అద్దెకు తీసుకుని జరిపే సంబరాల్లో తప్పు జరిగేది వేరే చోట. వేదిక వెనక గోడకు జెండాను నిలువుగా కట్టినప్పుడు కాషాయం చూసేవాళ్లకు ఎడమవైపు రావాలి. చాలాసార్లు కుడివైపు కట్టేస్తారు. ఆ దేశపు జెండా పక్కన మన జెండా పెడితే రెండూ ఒకే ఎత్తులో, దాదాపు ఒకే సైజులో, వేర్వేరు కర్రల మీద ఉండాలి. ఒకే కర్రకు పైనా కిందా కట్టకూడదు. ఈ మాట మన ఫ్లాగ్ కోడ్‌లోనూ ఉంది, అమెరికా ఫ్లాగ్ కోడ్‌లోనూ ఉంది. నిష్పత్తి 3:2, అంటే ఆరడుగుల పొడవుకు నాలుగడుగుల వెడల్పు. బల్ల మీద పరవకూడదు, ఉపన్యాసం బల్లకు చుట్టకూడదు, నడుము కింద బట్టగా కట్టకూడదు. ముడి విప్పగానే పూలు రాలేలా లోపల రేకులు పెట్టడం మాత్రం తప్పు కాదు. చిన్నపిల్లలకు పంచే కాగితం జెండాలను సభ అయ్యాక లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. అవి కాళ్ల కింద పడకుండా చూడటమే నిజమైన గౌరవం, కేకు గొడవ కాదు.

ఇక "1990ల దాకా విదేశాల్లో తెలుగువాడే లేడు" అన్న మాట. ఇది రాసినవాడికి విశాఖ తీరం సంగతి తెలియదు. 19వ శతాబ్దంలోనే మన ఉత్తరాంధ్ర వాళ్లు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు, రంగూన్ ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకున్నారు. బర్మా నుంచి గెంటేస్తే తిరిగొచ్చినవాళ్ల గుర్తుగానే కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా 1913లో బ్రిటిష్ పాలన మీద పోరాటానికి గదర్ పార్టీ మొదలైతే అందులో మన దరిశి చెంచయ్య ఉన్నారు. 1943లో సింగపూర్‌లో నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు దానికి డబ్బు, మనుషుల్ని ఇచ్చినవాళ్లలో మలయా తోటల కూలీలున్నారు. ప్రవాసులు స్వాతంత్ర్యాన్ని పండగ చేసుకోవడం కాదు, దాని కోసం జైళ్లకు వెళ్లారు. ఆ చరిత్రను తుడిచేసి, పండగంతా వీసాలతోనే మొదలైందని చెప్పడం ఆ మనుషుల్ని అవమానించడమే.

పరిశ్రమ లేదన్న మాటకు కూడా వైజాగ్ నుంచే జవాబు. ఇక్కడి షిప్‌యార్డుకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ జల ఉష ఓడను నీళ్లలోకి దించారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడు నెలలు నిండటానికి ఇంకా ఒకరోజుంది అప్పటికి. స్టీలు ప్లాంటు కోసం మనుషులు ప్రాణాలిచ్చాక 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఇవన్నీ 1991కి ముందు మాటే.

1991 దగ్గర మెసేజ్ నిజాన్ని తలకిందులు చేసింది. విదేశీ మారకం నిండుకున్న ఆ సంక్షోభంలో ఎన్నారై డిపాజిట్లు దేశాన్ని కాపాడలేదు, దేశం వదిలి పోయాయి. 1990 అక్టోబరు నుంచి తరలిపోవడం మొదలైంది. 1991 ఏప్రిల్–జూన్ మధ్యనే దాదాపు 95 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. ఆ గండం గట్టెక్కడానికి తోడ్పడినవాటిలో ఒకటి రిజర్వు బ్యాంకు విదేశాలకు పంపి కుదువపెట్టిన 47 టన్నుల బంగారం.

అయితే ఇక్కడే ఒక మాట ఒప్పుకోవాలి, మెసేజ్ రాసినవాడికి అది తెలియకపోయినా. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చినప్పుడు స్టేట్ బ్యాంకు రిసర్జెంట్ ఇండియా బాండ్లు తెస్తే ప్రవాసులు 420 కోట్ల డాలర్లు పెట్టారు. 2000లో మిలీనియం డిపాజిట్లలో 550 కోట్ల డాలర్లు. 2013లో రూపాయి జారిపోతున్నప్పుడు మళ్లీ వాళ్ల డిపాజిట్లే ఊపిరిచ్చాయి. వడ్డీ ఎక్కువిచ్చారు కాబట్టే వచ్చారు కదా అనొచ్చు. నిజమే, అయినా అవసరానికి వచ్చారు. 2024–25లో ప్రవాసులు ఇళ్లకు పంపిన సొమ్ము 13,500 కోట్ల డాలర్లు దాటింది. వస్తువుల వ్యాపారంలో మనకుండే లోటులో సగం దాకా ఈ సొమ్మే పూడుస్తోంది. కాబట్టి "ఎన్నారైల వల్ల దేశానికి ఒరిగిందేముంది" అని ఎదురు వాదించేవాళ్లతో కూడా నేను లేను. 1991 పేరుతో అబద్ధం చెప్పకండి అంటున్నానంతే.

పౌరసత్వం. రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ చదివితే చాలు: స్వచ్ఛందంగా వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ అంటే జీవితకాలపు వీసా, దానికి తోడు కొన్ని సౌకర్యాలు. ఓటు లేదు. పోటీ చేసే హక్కు లేదు. ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్న ఎన్నారైకి మాత్రం ఓటుంది: ఫారం 6ఏ పెట్టుకుని, పోలింగ్ రోజు ఇక్కడి బూత్‌కు స్వయంగా రావాలి. "పాత ఇండియన్ పాస్‌పోర్టు దాచుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అని మెసేజ్‌లో ఒక వాక్యం ఉంది. అది పనికిరాదు, పైగా పట్టిస్తుంది. పౌరసత్వం మారాక దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకపోతే ఓసీఐ దరఖాస్తే ముందుకు కదలదు. మారాక దాని మీద ప్రయాణిస్తే జరిమానా పడుతుంది.

బంగారం: ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకు సుంకం లేకుండా ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాములు, అదీ నగలే. బిస్కెట్లు కాదు. కిలో అన్నది సుంకం కట్టి తెచ్చుకునే పరిమితి.

ఇక పొలం. ఈ ఒక్క అంశం వల్ల మనుషుల జీవితకాలపు సంపాదన ఇరుక్కుంటోంది, కాబట్టి నిదానంగా చదవండి.

ఫెమా అంటే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం. దాని కింద వచ్చిన 2019 నాటి నాన్-డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ నిబంధనల్లో 24వ నిబంధన ప్రకారం ఎన్నారై గానీ, ఓసీఐ గానీ మన దేశంలో ఇల్లు, ఫ్లాటు, ఇళ్ల స్థలం, షాపు కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్ హౌస్, ప్లాంటేషన్ తోట కొనకూడదు. ఇది ఓసీఐలకే అనుకుంటారు చాలామంది. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి మీద ఉన్న, ఇండియన్ పాస్‌పోర్టే ఉన్న మీ అబ్బాయికి కూడా ఇదే వర్తిస్తుంది. ఉద్యోగానికి దేశం దాటినవాడు ఫెమా లెక్కలో నాన్-రెసిడెంటే. పైచదువుకు వెళ్లిన అమ్మాయి కూడా అంతే.

విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భోగాపురం వైపు ఎయిర్‌పోర్టు పేరు చెప్పి సెంట్ల లెక్కన అమ్ముతున్న "మామిడి తోట ప్లాట్లు", "శ్రీగంధం ప్లాట్లు" చూడండి. బ్రోషరు నిండా ప్లాటనే ఉంటుంది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది పొలమే. చూడాల్సింది బ్రోషరు కాదు, ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో ఆ సర్వే నంబరు అడంగల్ (సాగు రికార్డు), 1-బి (యజమాని వివరాలు). భూమి స్వభావం మెట్ట, పల్లం అని ఉంటే అది మీ పిల్లలు కొనేది కాదు. "రిజిస్ట్రేషన్ అయ్యాక కన్వర్షన్ మేమే చేయిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. కొనే రోజుకు అది వ్యవసాయ భూమి అయితే ఉల్లంఘన జరిగిపోయినట్టే. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు అయితే అనుమతి నంబరు అడిగి, ఆ ప్లాను కాపీలో మీ ప్లాటు ఉందో లేదో చూసుకోండి. దాంతోపాటు ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ తీయండి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో సర్వే నంబరు వెతకండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమి అయితే అక్కడే ఆగిపోవాలి. 1977 చట్టం ప్రకారం, 2023 సవరణలో మినహాయించినవి తప్ప, దాని అమ్మకమే చెల్లదు, కొనేవాడు ఎన్నారై అయినా కాకపోయినా.

"మావాడు కొన్నాడు, రిజిస్ట్రేషన్ కూడా అయింది, ఎవరూ అడగలేదు" అనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. అవును, అడగరు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో ఆధార్, పాన్, స్టాంపు డ్యూటీ చూస్తారు గానీ మీరు ఫెమా లెక్కలో ఎవరో చూడరు. అడిగేది పదేళ్ల తర్వాత, అమ్మిన సొమ్మును విదేశానికి పంపబోయే రోజున బ్యాంకు. ఏ పత్రంతో కొన్నావు, ఏ ఖాతా నుంచి కట్టావు అంటారు. అప్పుడు సొమ్ము కదలదు. ఫెమా 13వ సెక్షన్ కింద ఉల్లంఘన విలువకు మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. ఎకరం కోటి అనుకుంటే మూడు కోట్లు. మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు కడతారా అది?

దీనికి బ్రోకర్లు చెప్పే రెండు మార్గాలూ గోతులే. ఒకటి, బావమరిది పేరుమీద కొనడం. డబ్బు ఒకరిది, పేరు ఒకరిది అయితే బినామీ చట్టం. ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, భూమి జప్తు. అన్నదమ్ముల పేర ఉమ్మడిగా కొంటే బినామీ చట్టంలో మినహాయింపు ఉంది కదా అంటారు. ఉమ్మడి పేరు పెట్టిన మరుక్షణం ఎన్నారై పొలం కొన్నట్టవుతుంది, ఫెమా తగులుతుంది. రెండోది, నాన్నగారు బతికుండగానే ఊళ్లో పొలం అమెరికా అబ్బాయికి గిఫ్ట్ డీడ్ రాయడం. ఇది మన దగ్గర చాలా ఎక్కువ. ఇల్లు గిఫ్టుగా ఇవ్వొచ్చు, పొలం ఇవ్వకూడదు. అదే 24వ నిబంధనలో గిఫ్టుకు కూడా వ్యవసాయ భూమి మినహాయించారు.

సరైన దారి వీలునామా. వారసత్వంగా పొలం రావడానికి ఫెమా అడ్డు చెప్పదు. దేశంలో ఉన్న రోజుల్లో తానే కొనుక్కున్న పొలాన్ని కూడా విదేశం వెళ్లాక ఉంచుకోవచ్చు. అమ్మాలంటే దేశంలో నివసించేవాళ్లకే అమ్మాలి, ఇంకో ఎన్నారైకి కాదు. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (దేశంలో వచ్చే సొమ్ము కోసం ఎన్నారైలు ఇక్కడి బ్యాంకులో తెరిచేది) పడుతుంది, అక్కణ్నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా, పన్ను లెక్క తేల్చుకుని, బయటికి పంపుకోవచ్చు. రాలేని వాళ్లు పవరాఫ్ అటార్నీని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటించి చిక్కులో పడేవాళ్లే ఎక్కువ.

పిల్లలు తల్లిదండ్రులకు డబ్బు బహుమతిగా పంపి, వాళ్లు నిజంగా తమ కోసమే పొలం కొనుక్కుంటే ఏ తప్పూ లేదు. కానీ ఆ పొలం వాళ్లదే. వీలునామా లేకపోతే రేపు అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు అందరికీ వాటా ఉంటుంది. ఆ మాట డబ్బు పంపక ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఇప్పటికే కొనేసినవాళ్లు భయపడి ఇంకో ఎన్నారై స్నేహితుడికి అంటగట్టకండి, తప్పు రెండవుతుంది. కొనుగోలు దస్తావేజు, డబ్బు వెళ్లిన ఖాతా స్టేట్‌మెంటు, 1-బి తీసుకుని ఫెమా తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి వెళ్లండి. మామూలుగా భూమిని దేశంలో నివసించే వ్యక్తికి అమ్మేసి, ఆ తర్వాత ఉల్లంఘనను రిజర్వు బ్యాంకు ముందు కాంపౌండింగ్‌కు, అంటే తప్పు ఒప్పుకుని సొమ్ము కట్టి తేల్చుకోవడానికి, పెట్టుకుంటారు. ఈడీ నోటీసు వచ్చేదాకా ఆగకుండా ముందే వెళితే ఈ దారి సులువు.