నాలుగు చొక్కాలకు బ్యాక్టీరియా రంగు, నదికి పాత మురుగే

బ్యాక్టీరియాతో రంగు వేయించాం, నదుల్ని కాపాడుతున్నాం అని ఈమధ్య పెద్ద ఫ్యాషన్ బ్రాండ్లు తెగ చెప్పుకుంటున్నాయి. చూడబోతే అవి షోకేసులో పెట్టుకునే నాలుగు రకాల బట్టలు. మిగతా సరుకంతటికీ అదే రసాయన రంగు, అద్దకంలో పోసే అదే ఉప్పు, అదే మురుగు.

సైన్సు మీద మాకు అనుమానమేం లేదు. నీలిరంగు తయారుచేసే ఈ.కోలై అనే బ్యాక్టీరియా 1983లోనే అమెరికా ల్యాబ్‌లో పుట్టింది. 2018లో అక్కడి బర్క్‌లీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాతో ఇండికాన్ అనే రంగులేని పదార్థం చేయించి, దాన్ని బట్ట మీదే ఎంజైముతో నీలిగా మార్చారు, జీన్స్ అద్దకంలో వాడే హైడ్రోస్ అనే రసాయనంతో పనే లేకుండా. బ్రిటన్‌లో కలరిఫిక్స్ అనే కంపెనీ అయితే రంగు చేసే సూక్ష్మజీవుల్ని నేరుగా అద్దకం మెషీన్‌లోకే వదిలి, వేడితో వాటిని పగలగొట్టి రంగు పట్టిస్తోంది. ఆమాటకొస్తే తగిరిస గింజలు ఉడకబెట్టి, సున్నం కలిపి, రోజుల తరబడి నీలి బానను పులియబెట్టిన మన అద్దకంవాళ్లు చేసిందీ సూక్ష్మజీవులతో పనే.

కొత్త రంగు ఖరీదెక్కువ, కాస్త టైమ్ పడుతుంది అంటాయి కంపెనీలు. కావచ్చు. ఆ ఖరీదు ఎవరు పెట్టుకోవాలి అన్నదే మా ప్రశ్న.

తమిళనాడులో బట్టల తయారీకి పేరైన తిరుప్పూర్‌లో ఏం జరిగింది? రంగునీళ్లతో నొయ్యల్ నది పాడైంది, సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ మురుగు గుంటయింది, చివరికి 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు 700కు పైగా అద్దకం యూనిట్లను మూసేయమంది. పని పోయింది కూలీలకు, ఉప్పెక్కింది రైతుల బావులు, అప్పులు మిగిలింది యూనిట్లు నడిపినవాళ్లకు. ఆ బట్టలు చవగ్గా కొనుక్కుపోయిన బ్రాండ్లు మాత్రం బోనెక్కలేదు.

రేపు ఈ కొత్త రంగుతోనూ అదే జరుగుతుందని మా భయం. సూక్ష్మజీవుల్ని పెంచే ఫెర్మెంటర్ నువ్వే కొనుక్కో, సర్టిఫికెట్ నువ్వే తెచ్చుకో, రేటు మాత్రం పైసా పెంచం అని తిరుప్పూర్‌లోనో సిరిసిల్లలోనో ఒక చిన్న యూనిట్ మెడ మీద బ్రాండ్లవాళ్లు కూర్చుంటారు. పేరు బ్రాండ్‌ది, ఖర్చు అద్దకంవాడిది. నిన్న మురుగు ఖర్చు వాళ్ల నెత్తిన రుద్దినట్టే ఇవాళ శుభ్రత ఖర్చూ వాళ్ల నెత్తినే రుద్దుతామంటే ఎలా?

ప్రకటనలు ఆపి లెక్క చెప్పండి. ఏటా మీరు అమ్మే బట్టల్లో ఎన్నిటికి ఈ రంగు వేయించారు, అందుకు యూనిట్‌కు ఎంత ఎక్కువిచ్చారు? ఆ రెండు అంకెలూ లేబుల్ మీద వేయండి. వేయలేకపోతే నదిని కాపాడుతున్నామన్న మాట అక్కణ్నుంచి తీసేయండి. నొయ్యల్ పక్కన బావి పాడైన రైతు ముందు నిలబడి ఆ మాట అనగలరా మీరు?